గిన్నెల మీది పేరు: 'వంటిల్లు' కవితలో ఆస్తి, శ్రమ, కుటుంబం

కుటుంబం గురించి మార్క్సిస్టులకూ స్త్రీవాదులకూ మధ్య నడిచిన వాదం తెలుగు విమర్శలో చాలావరకు పక్షాల తగవుగానే మిగిలింది. స్త్రీ అణచివేతకు మూలం ఆస్తి అని ఒకరు, పురుషాధిక్యం అని మరొకరు. ఈ తగవులో సాహిత్య రచనలు సాక్ష్యాలుగా పనికివచ్చాయే తప్ప, అవి స్వయంగా చేసిన ఆలోచన మీద దృష్టి నిలవలేదు. విమల 'వంటిల్లు' కవితకు ఈ నష్టం మరింతగా జరిగింది.

ఎంగెల్స్ 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం పుట్టుకను వివరిస్తూ, ఆస్తిని తన సంతానానికే అందించాలన్న పురుషుడి అవసరం నుంచి ఏకపతీ వివాహం స్థిరపడిందన్నాడు. ఇంటి నిర్వహణ సామాజిక స్వభావాన్ని కోల్పోయి సొంత సేవగా మారిందన్నాడు. విముక్తికి ఆయన చూపిన మార్గంలో రెండు అంశాలున్నాయి: స్త్రీలు సామాజిక ఉత్పత్తిలోకి రావడం, ఇంటిపని సామాజిక పరిశ్రమగా మారడం. మన చర్చల్లో మొదటిదే ఎక్కువగా వినిపించింది. అది ఒక్కటే చాలదని ఓల్గా 'స్వేచ్ఛ' (1987) చూపింది. ఆ నవలలో అరుణ సంపాదనపరురాలు, ఇష్టపడి పెళ్లి చేసుకున్నది. అయినా ఆ ఇల్లు ఆమెకు స్వేచ్ఛనివ్వలేదు.

రెండవ అంశాన్ని పట్టుకున్నది 'వంటిల్లు'. వంటింటి వాసనలు, రుచులు నిండిన బాల్యస్మృతితో కవిత మొదలవుతుంది. ఆకర్షణ ఉన్న చోటే బంధనమూ ఉందని కవయిత్రి దాచలేదు. తల్లి ఆ వంటింటికి ఏలిక. గిన్నెల మీద మాత్రం తండ్రి పేరు. కవితకు కీలకం ఇక్కడే ఉంది. గిన్నెల మీద పేరు చెక్కించడం తెలుగు ఇళ్లలో అతి మామూలు విషయం. సారెగా పుట్టింటి నుంచి వచ్చిన సామాను మీద కూడా ఇంటి యజమాని పేరు పడటం వింతగా తోచదు. రోజూ తోమే చేయి ఒకరిది, ఎంత తోమినా చెరగని పేరు మరొకరిది. ఆస్తి సంబంధం, శ్రమ సంబంధం వేర్వేరు సిద్ధాంతాలుగా కాక ఒకే గిన్నెలో కలిసి కనిపిస్తాయి. ఏది మూలం అన్న తగవు ఈ గిన్నె ముందు నిలవదు.

వంటగదుల్ని కూల్చమన్న ముగింపును వంట మీది ద్వేషంగా చదివినవారున్నారు. అది తొందరపాటు పఠనం. కవిత అభ్యంతరం వండటం మీద కాదు, ఇంటికొకటిగా విడిపోయి ఒక్కొక్క స్త్రీని ఒంటరిగా నిలబెట్టే వంటగది మీద. ఎంగెల్స్ మాటకు ఇంత దగ్గరగా వచ్చిన కవితను మార్క్సిస్టు విమర్శ తనకు పరాయిదిగా చూడటం విచిత్రం.

అయితే వంట సామాజికమైతే ఆ పని చేసేదెవరు? ఎంగెల్స్ ఈ ప్రశ్నను తగినంతగా అడగలేదు. పాఠశాలల మధ్యాహ్న భోజన పథకం దీనికి కళ్లెదుటి ఉదాహరణ. అక్కడ వంట ఇంటి గోడలు దాటింది. వండేవారు మాత్రం అత్యధికంగా స్త్రీలే. 2009లో కేంద్రం వారికి నిర్ణయించింది నెలకు 1,000 రూపాయలు. రాష్ట్రాలు తర్వాత కొంత కలిపినా దాని పేరు గౌరవ వేతనమే, జీతం కాదు. ఇంట్లో ప్రేమ పేరుతో లెక్కకు రాని శ్రమ బయట గౌరవం పేరుతో తక్కువ లెక్కకు వచ్చింది. ఇంటిపనిని ఉత్పత్తి సంబంధంగా చూడాలని 1970లలో క్రిస్టీన్ డెల్ఫీ, మరియరోసా డల్లా కోస్టా పట్టుబట్టడంలోని బలం ఇక్కడ తెలుస్తుంది.

కవిత పరిమితి కూడా ఇక్కడే బయటపడుతుంది. పేరు చెక్కించుకునేంత సామాను లేని ఇళ్లు, ఇతరుల ఇళ్లలో అంట్లు తోమి వచ్చి తమ పొయ్యి వెలిగించుకునే స్త్రీలు ఈ 'వంటిల్లు'లోకి రాలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యాన్ని కూర్చిన 'నల్లపొద్దు' (2003) తర్వాత ఈ లోటును పట్టించుకోకుండా కవితను చదవడం కుదరదు. దళిత స్త్రీ వండిన మధ్యాహ్న భోజనాన్ని తమ పిల్లలు తినరాదని తల్లిదండ్రులు అడ్డుపడిన ఘటనలు దేశంలో పలుచోట్ల వెలుగులోకి వచ్చాయి. ఇంటికొక వంటగది ఆస్తినీ పితృస్వామ్యాన్నీ మాత్రమే కాదు, కులాన్నీ కాపాడుతోంది. కూల్చిన వంటగదుల చోట ఎవరి చేతి వంటను ఎవరు తింటారన్నది 'వంటిల్లు' అడగని ప్రశ్న.