తొంభై రోజుల పతకం

మన విశాఖలో యూనిఫాం వింత కాదు. సింధియాలో బస్సెక్కితే నేవీ కుర్రాళ్లు కనిపిస్తారు, ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గరా పోర్టులోనూ సీఐఎస్ఎఫ్ వాళ్లు. నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగాయంటే ఆర్కే బీచ్‌లో ఇసుకేస్తే రాలదు. ఇంత చూస్తూ కూడా ఆ ఛాతీల మీది రంగుల పట్టీలు చదవడం మనలో చాలామందికి రాదు. వరుసలు ఎక్కువుంటే పెద్ద వీరుడు, తక్కువుంటే చిన్న వీరుడు. మన లెక్క అంతే.

మా వీధిలో సీఐఎస్ఎఫ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఏళ్ల తరబడి ఉక్కు ఫ్యాక్టరీ గేటు కాశారు. మధ్యలో ఐక్యరాజ్య సమితి మిషన్ మీద హైతీ వెళ్లొచ్చారు. ఆయన పతకాల్లో కంచుది ఒకటుంది. దాని మీద ప్రపంచ పటం, చుట్టూ ఆలివ్ కొమ్మలు. "ఇది దేనికిచ్చారు మావయ్యా?" అనడిగాను. "దేనికేటి బాబూ, తొంభై రోజులు అక్కడున్నాం కదా, అందరికీ ఇచ్చీసినారు" అన్నారు.

ఆయన వినయానికి పోయి అన్న మాట కాదది, అసలు నిబంధనే అది. చాలా మిషన్లలో 90 రోజుల సేవ పూర్తయితే ఐరాస పతకం వస్తుంది. సాహసం చేసి ఉండాలన్న షరతు లేదు, హోదాతో పని లేదు. దళాన్ని నడిపే జనరల్‌కూ, అతని జీపు తోలే డ్రైవరుకూ, వంటశాలలో గరిటె తిప్పే జవానుకూ ఒకటే పతకం. సైనికులకే కాదు, మిషన్ మీద వెళ్లిన పోలీసులకూ అదే. గేటు కాసే సీఐఎస్ఎఫ్ మనిషికి అది దక్కింది అందుకే. 2007లో లైబీరియా వెళ్లిన మన సీఆర్పీఎఫ్ మహిళల దళం, ఐరాస చరిత్రలో పూర్తిగా ఆడవాళ్లతో ఏర్పడిన తొలి పోలీసు దళం, వెళ్లింది కూడా ఈ కోవలోనే. అదే మిషన్‌కు మళ్లీ వెళ్తే రెండో పతకం ఇవ్వరు, రిబ్బన్ మీద చిన్న అంకె పెడతారు.

1950లో కొరియా యుద్ధానికి ఐరాస ఒక పతకం పెట్టింది గానీ అది యుద్ధ పతకమే. శాంతి సేనల పతకానికి మూలం సూయెజ్‌లో ఉంది. 1956లో అక్కడ గొడవ రేగాక సినాయ్, గాజాలకు ఐరాస అత్యవసర దళం వెళ్లింది. మన సైన్యం మొదటి నుంచి 1967లో ఆ దళం వెనక్కి వచ్చేదాకా అందులో ఉంది. ఆ పతకం రిబ్బన్ నాకు చాలా ఇష్టం. ఇసుక రంగు గుడ్డ, నడుమ ఐరాస నీలం, రెండు పక్కలా సన్నని ముదురు నీలం గీత, ఆకుపచ్చ గీత. ఇసుక సినాయ్ ఎడారి, ముదురు నీలం సూయెజ్ కాలువ, పచ్చ నైలు లోయ. నాలుగు రంగుల్లో ఒక ప్రాంతాన్ని గీసి పెట్టారు. ఇప్పటి పతకానికి నియమాలు వచ్చింది 1959లో, డాగ్ హామర్‌షోల్డ్ ప్రధాన కార్యదర్శిగా ఉన్నప్పుడు.

"అంటే హాజరు పతకమన్నమాట" అని తేలిగ్గా నవ్వేవాళ్లున్నారు. ఐరాస మిషన్ అంటే డబ్బులొస్తాయని ఎగబడతారని చెప్పేవాళ్లూ ఉన్నారు. అలవెన్సు వస్తుంది, నిజమే. వస్తే తప్పేమిటి? దుబాయ్ వెళ్లే వెల్డర్‌ని అలా అనం కదా.

ఆ హాజరు ఎక్కడ వేయించుకోవాలో చూడండి. కొట్టుకుంటున్న రెండు పక్షాల నడుమ. ఎవరి వైపూ మొగ్గకూడదు. ఆత్మరక్షణకో, అప్పగించిన పనిని కాపాడుకోవడానికో తప్ప తుపాకీ పేల్చకూడదు. ఏమీ జరగని రోజే మంచి రోజు, కానీ ఏమీ జరగలేదని ఎవరూ చప్పట్లు కొట్టరు. ఉక్కు ఫ్యాక్టరీ గేటు కాసిన మనిషికి ఈ పని కొత్తగా నేర్పక్కర్లేదని నా నమ్మకం.

జరిగిన రోజులూ ఉన్నాయి. 1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో దారి మూసిన సాయుధుల మీదికి కొద్దిమంది గూర్ఖాలతో దూకి ప్రాణమిచ్చిన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా, శాంతి సేనలో పరమవీరచక్ర పొందిన ఒకే ఒక్కరు. సొమాలియాలో పనిచేసిన మన బ్రిగేడు 1994 డిసెంబరులో వెనక్కి వస్తుంటే తీరాన కాపు కాసిన నౌకలు గంగా, గోదావరి, శక్తి. (మన నది పేరు ఆఫ్రికా తీరంలో కాపలా కాసిందని ఎంతమంది గోదావరి జిల్లాల వాళ్లకు తెలుసో!) ఇప్పటిదాకా మన దేశం నుంచి 2,90,000 మందికి పైగా శాంతి సేనల్లో పనిచేశారు. 170 మందికి పైగా తిరిగి రాలేదు. ఇంతమందిని పోగొట్టుకున్న దేశం ఇంకొకటి లేదు. పోయినవారి ఇంటికి వచ్చేది వేరే పతకం. హామర్‌షోల్డ్ పేరు మీద 1997లో నెలకొల్పారు. కోడిగుడ్డు ఆకారంలో స్ఫటికపు ముద్ద, మీద పేరు, మరణించిన తేదీ చెక్కి ఉంటాయి. ఛాతీకి పెట్టుకునేది కాదు, అందుకే దానికి రిబ్బన్ లేదు.

బతికి వచ్చినవారి పతకం మీద మాత్రం పేరుండదు. మన సైనిక పతకాల అంచున నంబరు, పేరు చెక్కుతారు. ఐరాస పతకానికి ఒకవైపు చిహ్నం, వెనక 'శాంతి సేవలో' అని ఇంగ్లీషు మాట, అంతే. కాంగో వెళ్లినా, కంబోడియా వెళ్లినా బిళ్ల దాదాపు ఒకటే. ఎవరు ఎక్కడికి వెళ్లారో చెప్పేది ఆ గుడ్డపీలిక ఒక్కటే, ఎందుకంటే ఒక్కో మిషన్‌కు ఒక్కో రంగుల వరుస.

ఆ పీలికలకే మన ఇళ్లలో దిక్కు లేదు. మన విశాఖ గాలికి ఇనుమే ఆగదు, గుడ్డ రిబ్బన్ ఎంత? మాసిందనో చివికిందనో తీసేసి, దొరికిన నీలం గుడ్డ కుట్టించేస్తున్నారు. పతకాలు బిగించి ఇచ్చే ఒక దుకాణంలో నా కళ్లముందే "ఏదో ఒక ఐరాస రిబ్బన్ వెయ్యండి, పర్లేదు" అన్నాడొక మనవడు. ఆ ఒక్క మాటతో తాత పనిచేసిన దేశం మారిపోయింది.

మీ ఇంట్లో అలాంటి పతకం ఉంటే రిబ్బన్ పాతదైనా పారేయకండి. కొత్తది వేయించాలంటే ముందు ఏ మిషనో సర్వీసు కాగితాల్లో చూసుకోండి. ఆ పతకం తెచ్చిన పెద్దాయన ఇంకా ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని దేశం, సంవత్సరం, చేసిన పని అడిగి, ఒక చీటీ మీద రాసి అదే పెట్టెలో పెట్టండి.