పడవ కడుపులో తాడు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వంపు తిరిగి సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల కేప్ కాడ్. చుట్టూ చాలాచోట్ల నీళ్లు లోతు తక్కువ. బ్రూస్టర్ ఊరి దగ్గర ఆటు వేళ సముద్రం దాదాపు మైలు వెనక్కి పోయి, ఇసుక బయటపడుతుంది. అలాంటి చోట చేపలకూ ఆల్చిప్పలకూ వెళ్లేవాళ్లకు లోతుగా మునిగే పడవ పనికిరాదు. ఆస్టర్‌విల్‌లో క్రాస్బీ కుటుంబం తరతరాలుగా కట్టిన క్యాట్‌బోట్లు ఆ నీళ్లకు కుదిరినవి. పొడవులో సగం దాకా వెడల్పు, ముందు కొసన ఒకే కొయ్య, దానికి ఒకే పెద్ద తెరచాప, చదునుగా ఉండే అడుగు.

చదును అడుగుతో ఒక చిక్కుంది. పక్కనుంచి గాలి తోస్తే పడవ ముందుకు సాగడం మానేసి పక్కకు జారిపోతుంది. అందుకే పడవ నడుమ నిలువుగా ఒక సందు వదులుతారు. నీళ్లు లోపలికి రాకుండా ఆ సందు మీద ఒక గూడు కడతారు. అందులోంచి ఒక పలక కిందికి దిగి నీళ్లను పట్టుకుంటుంది. 1774లో బోస్టన్‌లో ఉన్న బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ షాంక్ నిట్టనిలువుగా జారే పలకతో ఒక పడవ కట్టాడు. న్యూజెర్సీలోని కేప్ మే ప్రాంతపు స్వెయిన్ కుటుంబీకులు 1811లో పేటెంటు పొందింది ముందు మూల దగ్గర ఇరుసు మీద తిరుగుతూ దిగే పలకకు. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవలో ఉన్నది షాంక్ తరహా పలకే. చేత్తో పైకి లాగి పక్కన పెట్టేయొచ్చు. తిరిగే పలక అలా చేతికి రాదు. దాని వెనుక భాగానికి ఒక తాడు కట్టి, గూట్లోంచి పైకి తెచ్చి, కప్పీ మీదుగా చుక్కాని పట్టినవాడి దగ్గరి క్లీట్ (తాడు చుట్టి బిగించే కొక్కెం) దాకా నడిపిస్తారు. ఈ తిరిగే పలకే సెంటర్‌బోర్డు, సెంటర్‌బోర్డు తాడంటే అదే.

సౌత్ డార్ట్‌మత్‌లో మార్షల్ మెరైన్ వాళ్లు 1962 నుంచి కడుతున్న శాండర్లింగ్ అనే క్యాట్‌బోట్‌నే తీసుకోండి. పొడవు 18 అడుగుల పైచిలుకు. వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు. అమెరికా రోడ్ల మీద ప్రత్యేక అనుమతి లేకుండా ట్రెయిలర్ మీద లాక్కెళ్లడానికి హద్దు కూడా అంతే. పలక ఎత్తితే పడవ మునిగేది 19 అంగుళాలు, దించితే 4 అడుగుల 4 అంగుళాలు. మధ్యలో ఉన్న తేడా అంతా ఆ తాడు చేతిలో ఉంది.

ఎత్తడం, దించడమే దాని పని అనుకుంటే పొరపాటు. క్యాట్‌బోట్‌కు గాలి పెరిగితే ముక్కును గాలివైపు తిప్పుకునే మొండితనం ఉంది; చుక్కాని పట్టినవాడి భుజాలు లాగేస్తాయి. అప్పుడు తాడు కొంచెం లాగితే పలక వెనక్కి వాలుతుంది, నీటి పట్టు కూడా దానితోపాటు వెనక్కి జరుగుతుంది, చుక్కాని తేలికపడుతుంది. గాలి వెనుకనుంచి వీచేటప్పుడు పలకతో పెద్దగా పని లేదు కాబట్టి పైకి లాగేస్తారు, పడవ వేగం పుంజుకుంటుంది. ఇక ఇసుక తిన్నెల మధ్య వెళ్తున్నప్పుడు పలక నేలకు తగిలి పైకి లేస్తే తాడు వదులవుతుంది. లోతు చెప్పే యంత్రం కన్నా ముందే విషయం చేతికి తెలుస్తుంది. అడుగున కదలకుండా బోల్టు వేసి బిగించిన రెక్క, అంటే కీల్‌తో వెళ్లేవాడికి ఇసుక తగిలితే ఇరుక్కోవడమే.

ఇంత పనిచేసే తాడు కంటికి మాత్రం కనిపించదు. క్లీట్ దగ్గరి రెండు మూరలు చూసి బాగానే ఉందనుకుంటాం. అసలు అరుగుదల గూడు అంచు రాసుకునే చోట, కప్పీ మీద వంగే చోట, పలకకు కట్టిన ముడి దగ్గర. కప్పీ తిరగడం మానేస్తే తాడు దాని మీద కోసుకుపోతుంది. ఉప్పునీళ్లలో బార్నకిల్స్ అనే గట్టి పెంకు జీవులు పట్టాయంటే గూడు లోపలంతా ఆకురాయే. రోడ్డు మీద ఇంకో శత్రువు ఉంది. పలక బరువంతా తాడుకు వేలాడదీసి ట్రెయిలర్ లాగితే ప్రతి గుంతకూ ఒక కుదుపు. పలకను ట్రెయిలర్ అడ్డ కమ్మీ మీద ఆనించి తాడుకు విశ్రాంతినివ్వడం తెలిసినవాళ్ల పద్ధతి.

తాడు తెగితే పలక ఒక్కసారిగా కిందికి పడుతుంది. నష్టం లేకుండా బయటపడినా, ఇక ఆ పడవను ట్రెయిలర్ మీదికి ఎక్కించడం పెద్ద తంటా. అందుకే తాడు తెగకముందే మార్చాలన్నది ఈ పనిలో మొదటి సూత్రం. లంగా బొందు మార్చేటప్పుడు పాతది పూర్తిగా లాగేయకుండా దాని కొసకు కొత్తది కట్టి లాగుతాం చూడండి, సరిగ్గా అదే ఉపాయం. దారి తెలిసింది పాత తాడుకే.

అయితే మామూలు ముడి వేస్తే కప్పీ సందులో ఇరుక్కుంటుంది. రెండు తాళ్ల కొసలనూ ఎదురెదురుగా ఆనించి, మైనం పట్టించిన దారంతో సూది పెట్టి అటూ ఇటూ కుట్టి, పైన సన్నగా టేపు చుడతారు. అతుకు తాడు కన్నా లావు కాకూడదు. ఒకరు పైనుంచి లాగుతుంటే ఇంకొకరు కిందినుంచి మెలి పడకుండా అందించాలి. ఎక్కడైనా పట్టేస్తే కొంచెం వెనక్కి వదిలి మళ్లీ లాగాలి; బలవంతం చేస్తే అతుకు లోపలే ఊడుతుంది. పాత తాడు ఇప్పటికే తెగిపోయి ఉంటే, ఎలక్ట్రీషియన్లు గోడ పైపుల్లో వైరు లాగడానికి దూర్చే స్టీలు పట్టీ పనికొస్తుంది. తాడు సన్నటి గొట్టంలోంచి వెళ్లే పడవల్లో ఒక కొసన పల్చటి దారం పెట్టి రెండో కొసన వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేసేవాళ్లూ ఉన్నారు. నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది.

పలక దగ్గరి ముడిని చేరుకోవడమే అన్నిటికన్నా కష్టం. కొన్ని పడవల్లో గూడు పైమూత తీస్తే అందుతుంది. లేదంటే పలకను కిందికి దించాలి, ట్రెయిలర్ మీద దానికి చోటుండదు. మరమ్మతు యార్డులో పడవను పట్టీలతో గాల్లోకి ఎత్తించడం ఒక దారి. డబ్బు దండగ అనుకునేవాళ్లు పడవను స్టాండ్ల మీదికి మార్చి, పలక దిగేచోట గొయ్యి తవ్వుకుంటారు. నాకు గొయ్యి పద్ధతే నచ్చుతుంది. ఆ వంకన పడవ అడుగు మొత్తం తీరిగ్గా చూడొచ్చు. ఏ పద్ధతైనా, ముడి విప్పేముందు పలక కింద చెక్క దిమ్మెలు పేర్చి, వేరే తాడుతో కూడా కట్టాలి. పలక కింద చెయ్యి పెట్టకూడదు. చెక్క పలక నీళ్లలో తేలిపోకుండా అందులో సీసం పోసి ఉంటుందని మరిచిపోవద్దు.

ఏ తాడు? ఒకప్పుడు మనీలా నార. ఇప్పుడు చిన్న పడవల్లో 6 నుంచి 10 మిల్లీమీటర్ల పాలిస్టర్ అల్లిక తాడు. నైలాన్ సాగుతుంది కాబట్టి పలక ఎత్తిన చోట నిలవదు. డైనీమా అనే కృత్రిమ నార సన్నగా ఉండి ఉక్కంత బలం చూపుతుంది, కానీ నున్నన. మామూలు ముడులు జారిపోతాయి, కొసను దాని పొట్టలోకే దూర్చి అల్లాలి. ఉక్కు తీగ నాకు నచ్చదు. ఒక్కో పోగు తెగి ముల్లులా పొడుచుకొచ్చి అరచేయి చీలుస్తుంది. పాలిస్టర్ ముందు నూగు లేస్తుంది, తర్వాత పైతొడుగు చిరుగుతుంది, ఆ తర్వాతే తెగుతుంది. చూసేవాడికి వ్యవధి ఇస్తుంది.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచే అలవాటు వేరే ఉంది. కొత్త తాడును అవసరానికన్నా ఒకటి రెండు మూరలు ఎక్కువ పొడవుతో కొంటారు. ఏటా వసంతంలో పడవను నీళ్లలో దించేముందు పలక వైపు జానెడు కోసి మళ్లీ ముడి వేస్తారు. దాంతో కిందటేడు కప్పీ మీద వంగిన భాగం పక్కకు జరుగుతుంది, తాజా భాగం రాపిడికి వస్తుంది. కొన్నేళ్లకు మిగులు అయిపోతే, అరగని కొస పలకవైపు వచ్చేలా తాడును తిరగేస్తారు. పెద్ద ఓడల నావికుల నుంచి వచ్చిన పొదుపు ఇది.

పలక దగ్గర సాధారణంగా బోలైన్ ముడి గానీ, రంధ్రంలోంచి దూర్చి ఎనిమిది అంకె ముడి గానీ వేస్తారు. కొసలు విచ్చుకోకుండా మైనపు దారంతో గట్టిగా చుట్టి కుడతారు. చుట్టు పొడవు తాడు లావుకు ఒకటిన్నర రెట్లు ఉంటే చాలు. నిప్పుతో కాల్చి కరిగించడం సులువే, కానీ ఆ గట్టి గుబ్బ పగిలితే చేతికి గీరుకుంటుంది, కప్పీలో పట్టేస్తుంది. చివరిగా పలక పూర్తిగా దిగినప్పుడు, సగం దిగినప్పుడు, పూర్తిగా లేచినప్పుడు తాడు క్లీట్ దగ్గర ఎక్కడుందో చూసి, అక్కడక్కడ దారం చుట్టి గుర్తు పెడతారు. సగానికి ఒక చుట్టు, పూర్తిగా దిగినదానికి రెండు. చీకట్లో వేళ్లతో తడిమితే పలక ఎంత లోతులో ఉందో తెలిసిపోతుంది.