తుంగ తెలిసిన చేయి

తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిస్తే, వానాకాలంలో నీరు నిలిచే పల్లాల్లో మనకు కనిపించేదంతా గడ్డే. వృక్షశాస్త్రం చదివినవారికి అందులో గరిక వేరు, తుంగ వేరు, జమ్ము వేరు. ఈ నేర్పు ముందు చేతికి వస్తుంది. కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లిస్తే తుంగ మూడు పలకలుగా తగులుతుంది. గడ్డి కాడ గుండ్రం, మధ్యమధ్య కణుపులు. అయినా తుంగ కుటుంబంలోనే ఎలియోకారిస్ కాడలు చాలావరకు గుండ్రమే! అప్పుడు భూతద్దం కింద కంకిని విప్పాలి. గడ్డిపువ్వును రెండు పొరలు మూసి ఉంచుతాయి, తుంగపువ్వుకు ఒక్కటే. నువ్వుగింజంత పువ్వులో ఇంత తేడా పట్టగల కన్ను అపురూపం. చెరువుగట్టున ఏం పెరుగుతోందో నమ్మకంగా చెప్పగలిగేది అలాంటి కన్ను ఉన్నవాళ్లే. విద్యార్థులారా, ఈ వానాకాలం ఒక భూతద్దం జేబులో వేసుకోండి.