ముందు బ్రేకుల చప్పుడు: లోపాన్ని పట్టే పద్ధతి

బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు వాలుతుంది. అందుకే ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అరుగుదలా అక్కడే ఎక్కువ. హైదరాబాద్‌లో శ్రీనగర్ కాలనీ నుంచి పంజాగుట్ట, అమీర్‌పేట వైపు ఆగుతూ సాగే ట్రాఫిక్‌లోనూ, బంజారాహిల్స్ దిగుడులోనూ ఈ భారం ఇంకా పెరుగుతుంది. విడిభాగాలు మార్చేముందు చెవితో, చేత్తో లోపాన్ని పట్టడమే మంచి మెకానిక్ పనితనం.

మొదటి పరీక్ష చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించడం. వాన కురిసిన మర్నాడు పొద్దున వినిపించి, నాలుగైదు బ్రేకులకే పోయే గరగర డిస్క్ మీది పైపై తుప్పు వల్ల వచ్చేది. దానికి మరమ్మతు అక్కర్లేదు. ఆగని కీచుమనే శబ్దం ప్యాడ్ అరిగిందనడానికి గుర్తు కావచ్చు. చాలా ప్యాడ్లకుండే చిన్న రేకు, అరుగుదల హద్దు చేరాక డిస్క్‌కు తగిలి అలా హెచ్చరిస్తుంది. బ్రేకు నొక్కినప్పుడు ఇనుము రాసుకుంటున్న బరబర వినిపిస్తే ప్యాడ్ పూర్తిగా అయిపోయినట్టే. గతుకుల్లో టకటకమంటూ, పెడల్ మీద కాలు ఆనించగానే ఆగిపోతే ప్యాడ్లను పట్టి ఉంచే క్లిప్పులో, కాలిపర్ పిన్నులో లూజైనట్టు.

తర్వాత చదునైన చోట వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి చక్రాన్ని ఊపి చూడాలి. పైనా కిందా పట్టి ఊపితే ఆట కనిపించిందనుకుందాం. మరొకరు బ్రేకు నొక్కి ఉంచినప్పుడు అది పోతే లోపం వీల్ బేరింగ్‌ది. పోకపోతే బాల్ జాయింట్‌ను అనుమానించాలి. పక్కలకు ఊపినప్పుడే ఆట ఉంటే స్టీరింగ్ రాడ్ల చివరలు చూడాలి. బ్రేకుల మీద మోపే నేరాల్లో కొన్ని నిజానికి వీటివే.

చక్రం విప్పాక లోపలి, బయటి ప్యాడ్లు రెండూ కొలవాలి. మందం 3 మిల్లీమీటర్లకు దిగితే సాధారణంగా మార్చేస్తారు. ఒకటి బాగా అరిగి రెండోది నిండుగా ఉంటే, పిన్నులు బిగుసుకుపోయి కాలిపర్ జరగడం లేదన్నమాట. అప్పుడు కొత్త ప్యాడ్లు వేసినా అవీ అలాగే అరుగుతాయి. పిన్నులు శుభ్రం చేసి, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. డిస్క్ కనీస మందం సాధారణంగా దాని మీదే అచ్చయి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్క్ మందం అంతటా ఒకేలా లేదని అనుమానించాలి. విప్పిన కాలిపర్‌ను గొట్టం మీద వేలాడనీయక తీగతో కట్టాలి. దుమ్మును గాలితో ఊదకూడదు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు.

పెడల్ మెత్తగా దిగుతుంటే ఆయిల్ లైనులో గాలి చేరి ఉండవచ్చు, కారుతూ ఉండవచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక కంపెనీ చెప్పిన గడువుకు మార్చడం తప్పనిసరి.

ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి; లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు. ఇనుము రాసుకునే చప్పుడు వచ్చినా, పెడల్ కిందికి జారినా ఆ బండిని ఇక నడపకూడదు. మరమ్మతు అయ్యేదాకా అది కదలకపోవడమే క్షేమం.