గరమ్ హవా: ఏ దేశానికి పోవాలి?

స్వదేశంలో రాజకీయ వాతావరణం చెడినప్పుడు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్న ముస్లిం సమాజానికి కొత్తది కాదు. ఇస్లాం చరిత్ర తొలి పుటలలోనే దానికి సమాధానం ఉంది. భారత ఉపఖండ చరిత్రలో దానికి తప్పు సమాధానాలూ ఉన్నాయి. ఈ ప్రశ్నను చేపట్టిన భారతీయ చలనచిత్రాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. వాటిలో ఎం.ఎస్. సత్యూ దర్శకత్వం వహించిన ‘గరమ్ హవా’ను మొదట చెప్పుకోవాలి. 1973లో పూర్తయిన ఈ చిత్రం మతోద్రిక్తతలు రేగుతాయన్న భయంతో సెన్సారు వద్ద చాలాకాలం నిలిచిపోయి, 1974లో విడుదలైంది. జాతీయ సమైక్యతకు దోహదం చేసిన చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. 2014లో పాత ప్రతిని బాగుచేసి మళ్ళీ ప్రదర్శించారు. రెండుసార్లూ ప్రశంసలు దండిగానే వచ్చాయి. ఆ ప్రశంసల సందడిలో ఒక విషయం మరుగున పడింది. పోవడమా, ఉండడమా అని ఈ చిత్రం అడిగింది. పోతే ఎక్కడికి, అక్కడికే ఎందుకు అని అడగలేదు.

కథకు మూలం ఇస్మత్ చుగ్తాయ్ రాసిన అచ్చుకాని కథ. కైఫీ ఆజ్మీ, షమా జైదీ దానిని చిత్రానువాదం చేశారు. ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడుపుకొనే సలీం మీర్జా ఇందులో కథానాయకుడు. గాంధీజీ హత్య జరిగిన రోజులు. సలీం అన్న హలీం మీర్జా ముస్లిం లీగు నాయకుడు. హిందూస్తాన్ ముస్లిములను విడిచి పోనని బహిరంగంగా మాట ఇచ్చిన ఆ పెద్దమనిషే భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకొని చడీచప్పుడు లేకుండా పాకిస్తాన్ చేరుకొంటాడు. తర్వాత లీగు వదలి కాంగ్రెసులో చేరిన బావగారు అప్పుల బాధ పడలేక పోతాడు. చివరికి సలీం పెద్దకొడుకు బాకర్ కూడా ఆలుబిడ్డలతో పోతాడు. మిగిలింది సలీం, భార్య జమీలా, చిన్నకొడుకు సికందర్, కూతురు ఆమినా, ఇల్లు విడవనని మొండికేసిన ముసలితల్లి.

చిత్రం గొప్పతనం రాజకీయోపన్యాసాలలో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది. పాకిస్తాన్ పారిపోయినవారు బాకీలు ఎగవేశారు కనుక ఉన్నవాడికి కూడా అప్పు పుట్టదు. అప్పు లేనిదే సరుకు తయారు కాదు; సరుకు అందకపోతే బేరం పోతుంది. తాతల నాటి హవేలీ అన్నగారి పేర ఉండిపోయింది గనుక దానిని వలసపోయినవారి ఆస్తిగా లెక్కగట్టి ప్రభుత్వం స్వాధీనం చేసుకొంటుంది. అద్దె ఇంటికోసం తిరిగితే పేరు చెప్పగానే తలుపు మూసుకొంటుంది. సికందర్ ఉద్యోగానికి వెళ్తే పాకిస్తాన్ పోయి ప్రయత్నించుకోరాదా అన్న సలహా దొరుకుతుంది. ఇదేమీ కల్పన కాదు. 1950లో వచ్చిన కాందిశీకుల ఆస్తుల నిర్వహణ చట్టం ఎందరో సలీం మీర్జాల గుండెల్లో రాయి వేసింది. వలసపోయినవాడి ఆస్తే కాదు, పోవాలనుకొంటున్నాడన్న అనుమానం కలిగినా ఆ మనిషి ఆస్తి లావాదేవీలకు అడ్డంకులు వచ్చిన రోజులవి. ఒక మనిషి మనసులో లేని ప్రయాణాన్ని చట్టం, బజారు, పొరుగు కలిసి ఎలా పుట్టిస్తాయో ఇంత స్పష్టంగా చూపిన చిత్రం మరొకటి కనబడదు. ఇంటి నక్షా కరాచీలోని అన్నకు పంపినందుకు సలీంపై గూఢచర్యం నేరం మోపుతారు. న్యాయస్థానం విడిచిపెడుతుంది, బజారు మాత్రం విడిచిపెట్టదు. ఈ ఒక్క ఘట్టం కోసమైనా చిత్రాన్ని చూడవచ్చు.

నటన సంగతి వేరే చెప్పనక్కరలేదు. బలరాజ్ సాహ్నీ తన పాత్రకు డబ్బింగు ముగించిన మరునాడే, 1973 ఏప్రిల్ 13న కన్నుమూశాడు. ఆయన కుటుంబం రావల్పిండిది. హవేలీని కొనుక్కున్న సింధీ శరణార్థి అజ్మానీగా నటించిన ఎ.కె. హంగల్ కూడా 1949లో కరాచీ నుంచి బొంబాయి చేరుకొన్నవాడే. అంటే, ఇల్లు పోగొట్టుకొన్న ముస్లిముగా ఒక పంజాబీ హిందువు, ఆ ఇంటిలో దిగిన హిందువుగా కరాచీని పోగొట్టుకొన్న మనిషి నటించారన్నమాట. సలీం బాధ అజ్మానీకి ఎవరూ వివరించకుండానే అర్థమవడంలో వింతేమీ లేదు. మన ప్రాంతంతోనూ ఈ చిత్రానికి బంధుత్వముంది. జమీలాగా నటించిన షౌకత్ కైఫీ హైదరాబాదులో పెరిగిన ఆడపడుచు. సలీం చిష్తీ దర్గాలో వినిపించే ఖవ్వాలీ హైదరాబాదీ గాయకుడు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీది. ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య ఆ తర్వాత బాపు ‘ముత్యాల ముగ్గు’కు పనిచేసి జాతీయ బహుమతి తెచ్చుకొన్నాడు.

ఇక అసలు విషయం. చిత్రంలో వెళ్ళిపోయిన వారందరికీ గమ్యం ఒక్కటే. ఆ గమ్యం గురించి ప్రేక్షకునికి తెలిసేది ఉత్తరాల వల్ల, తిరిగి వచ్చినవారి మాటల వల్ల మాత్రమే. అక్కడి పాలన ఎలాంటిది, న్యాయం దొరుకుతుందా, పరాయిచోట నుంచి వచ్చినవాణ్ణి ఆదరిస్తారా అన్న విచారణ ఒక్క పాత్రా చేయదు. మన మతస్థుల రాజ్యం, అంతే చాలు అన్నట్లు సాగిపోతారు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో ఈ విచారణ వేరేవిధంగా జరిగింది. మక్కాలో పీడన మితిమీరినప్పుడు, సుమారు క్రీ.శ. 615లో, తొలి విశ్వాసుల జట్టు ఎర్రసముద్రం దాటి హబషాకు, అనగా నేటి ఇథియోపియా ప్రాంతానికి పోయింది. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. ఆ దేశాన్ని ఎన్నుకోవడానికి కారణం అక్కడ ముస్లిములు ఉండడం కాదు, ఆ రాజు ఏలుబడిలో ఎవరికీ అన్యాయం జరగదన్న నమ్మకం. ఖురైషులు కానుకలతో దూతలను పంపి శరణార్థులను తిరిగి అప్పగించమన్నప్పుడు రాజు ముందుగా వారి మాట విన్నాడు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) సభలో తమ పక్షం వినిపించాక అప్పగించడానికి నిరాకరించాడు. మదీనా ప్రయాణమైతే మరింత ఆలోచనతో జరిగినది. అఖబా వద్ద యస్రిబ్ వాసులు రెండుసార్లు ప్రమాణం చేసి, రక్షణకు హామీ ఇచ్చి పిలిచిన తర్వాతనే అది ఆరంభమైంది. హిజ్రత్ అన్న మాటను ఎవరు వాడినా ఈ రెండు షరతులను పక్కన పెట్టడానికి వీల్లేదు: పోయేచోట న్యాయముండాలి, పోయినవారిని భరించగల ఆతిథేయులుండాలి.

1920లో ఈ షరతులను మరచిపోయినందుకు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో తెలిసినదే. ఖిలాఫత్ ఉద్యమపు వేడిలో హిజ్రత్ పిలుపు లేచింది. ముస్లిం రాజు అమానుల్లా ఆహ్వానించాడన్న మాటపై పంజాబు, సింధు, సరిహద్దు రాష్ట్రాల నుంచి వేలాదిమంది పొలాలను, పశువులను అయినకాడికి అమ్ముకొని ఖైబర్ దాటారు. పేదదేశం వారిని మోయలేకపోయింది. ఆగస్టులో అమీరు దారి మూయించాడు. తిరుగుదారిలో ఎండకు, దాహానికి, జబ్బులకు ఎందరో రాలిపోయారు. ఇల్లు చేరినవారిలో కొందరికి అమ్ముకొన్న పొలం దక్కలేదు. ఆనాడు హిజ్రత్‌ను సమర్థించిన పండితులలో మౌలానా ఆజాద్ ఒకరు. ఆయనే 1947 అక్టోబరులో ఢిల్లీ జామా మసీదులో నిలబడి, మూటాముల్లె సర్దుకొంటున్న జనాన్ని ఆగమని వేడుకొన్నారు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న అనుభవం ‘గరమ్ హవా’లో ఎక్కడా ప్రతిధ్వనించదు. 1947 నాటికి సలీం మీర్జా వయసువాడికి 1920 గుర్తులేకపోవడం నమ్మదగిన సంగతి కాదు.

మరో లోపం ఇంతకన్న ముఖ్యమైనది. చిత్రం విడుదలకు మూడేళ్ళ ముందే పాకిస్తాన్ రెండు ముక్కలైంది. బిహారు నుంచి తూర్పు పాకిస్తాన్‌ను ఎంచుకొని పోయిన ఉర్దూ ముస్లిములు 1971లో ఏ దేశానికీ చెందనివారై ఢాకా శిబిరాలలో చిక్కుకుపోయారు. బంగ్లాదేశ్ హైకోర్టు వారి పౌరసత్వాన్ని గుర్తించింది 2008లో. ఎంచుకొన్న దేశమే కాళ్ళకింద నుంచి జారిపోవచ్చునన్న సత్యం దర్శకుని కళ్ళెదుట నిలిచి ఉన్న రోజులలో, చిత్రం వలసపోవడాన్ని కేవలం వ్యక్తుల గుణదోషాలకు ముడిపెట్టింది. హలీం కపటి, బావగారు అవకాశవాది, బాకర్ ఓపిక లేనివాడు. పోయినవారిలో హలీం కొడుకు కాజిం ఒక్కడే మాట నిలబెట్టుకొనేవాడు. ఆమినాను పెళ్ళాడడానికి తిరిగి వచ్చి, పోలీసు స్టేషనులో పేరు నమోదు చేయించుకోలేదన్న కారణంతో అతడు పట్టుబడతాడు. అతనికి పాకిస్తాన్ ప్రభుత్వ విద్యార్థివేతనంపై చదువుకోవలసి ఉన్నది కెనడాలో! దేశం మారినవాడి ముందు మూడో దేశం అప్పుడే తలుపు తెరుచుకొని ఉంది. ఈ చిన్న మాటను కథ అక్కడే వదిలేయడం విచారకరం.

పోయినవారంతా పిరికివారని తేల్చడం న్యాయం కాదు. 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాదు నుంచి కరాచీ చేరినవారు ఆ ఊళ్ళో హైదరాబాద్ కాలనీ అని పేటకు పేరు పెట్టుకొన్నారు. ఊరిని గాలికి వదిలి పారిపోయినవారు ఆ ఊరి పేరును గోడమీద రాసుకొంటారా? సాదత్ హసన్ మంటో 1948లో లాహోరు పోయాడు. ఇస్మత్ చుగ్తాయ్ బొంబాయిలో ఉండిపోయింది. ‘ఆగ్ కా దరియా’ రాసిన ఖుర్రతుల్ ఐన్ హైదర్ పోయి, తిరిగి వచ్చింది. ముగ్గురిలో ఎవరిది ధైర్యం, ఎవరిది పిరికితనం అని తూచగల త్రాసు ఎవరి దగ్గరా లేదు.

ముగింపు గురించి విమర్శకులలో భేదాభిప్రాయాలున్నాయి. సలీం చివరకు పోవడానికే నిశ్చయించుకొని జట్కా ఎక్కుతాడు. దారిలో ఉద్యోగాల కోసం నినదించే ఊరేగింపు ఎదురవుతుంది. సికందర్ దిగి అందులో కలుస్తాడు, కొంతసేపటికి తండ్రి కూడా. వామపక్ష భావాలు గల రచయితలు తమకు నచ్చిన తీరానికి పడవను చేర్చారని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ, ఇక్కడ ఉండాలంటే ఒంటరిగా ఉండడం సాధ్యం కాదు, కష్టంలో ఉన్న ఇతరులతో చేరాలి అన్నది సలీం బ్రతుకులో నుంచి పుట్టిన ఆలోచనే. చెప్పుల పనివారి సంఘం సమావేశాలకు పోనని భీష్మించిన మనిషి ఊరేగింపులోకి దిగడం మార్పే అవుతుంది.

అయితే ఈ నిర్ణయాలలో దేనిలోనూ ఆడవారి మాట లేదు. ముసలితల్లిని ఇల్లు విడవమన్నప్పుడు కట్టెల కొట్టులో దాక్కొంటుంది. ఆమె అభిప్రాయం తెలుపడానికి మిగిలిన దారి అదొక్కటే. ప్రాణం పోయేముందు పల్లకిలో మోసుకొచ్చి ఆ హవేలీ చూపిస్తారు. ఆమినా రెండుసార్లు మోసపోతుంది. మొదటిసారి సరిహద్దు వల్ల, రెండోసారి పాకిస్తాన్‌లో మంచి సంబంధం దొరికిన బావ షంషాద్ వల్ల. పెళ్ళి బట్టలు కట్టుకొని మణికట్టు కోసుకొంటుంది. హబషా ప్రయాణపు గాథ మనకు ఎక్కువగా చేరింది ఆ ప్రయాణం చేసిన ఉమ్మె సలమా (రజి) చెప్పిన వృత్తాంతం ద్వారానే అన్నది ఇక్కడ గుర్తుకు రాక మానదు. జమీలా అటువంటి వృత్తాంతం ఏదీ చెప్పదు. భర్త ఊరేగింపులోకి దిగుతూ ఆమెను ఇంటికి తిరిగి వెళ్ళమంటాడు. జట్కా వెనక్కు మళ్ళుతుంది. ఇల్లంటే హవేలీ కాదు, అది అజ్మానీది. సామాను కట్టేసి, ఖాళీ చేసి వచ్చిన అద్దె ఇల్లు.