చప్పుడు మానేసిన కంప్యూటర్

పాడైన కంప్యూటర్లలో నాకు నచ్చేవి గోల చేసేవి. నీలం తెర పడి (ఈమధ్య దాన్ని నల్లగా మార్చారు లెండి) కింద ఏదో కోడ్ చూపించిందనుకోండి, ఆ కోడ్ పట్టుకుని ఎక్కడికో అక్కడికి చేరొచ్చు. ఆన్ చేయగానే బీప్ బీప్‌మని కూస్తే ర్యామ్ తీసి తుడిచి పెట్టి చూడొచ్చు. రావలసినది రాకపోవడం అనే జబ్బుతోనే తంటా. మౌస్ కదులుతుంది, నెట్ వస్తుంది, ప్రింటర్ తిరుగుతుంది, నోటిఫికేషన్ మాత్రం రాదు. అది రావట్లేదని చెప్పడానికి ఇంకో నోటిఫికేషన్ ఉండదు కదా.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఆ తేదీకి అటూ ఇటూ ఒడిశాలోని మా రాయగడలో జెరాక్స్ షాపులవాళ్లు కొందరు విండోస్ 11కి మారారు. మారినవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చిన ఫోన్ ఇదే: "వాట్సాప్ గంట కొట్టడం మానేసినాది బాబూ."

బయటివాళ్లకి ఇది చిన్న విషయంలా ఉంటుంది. కానీ ఇవాళ జెరాక్స్ షాపు బతుకంతా వాట్సాప్ మీదే. పెన్‌డ్రైవ్ తెచ్చేవాడు లేడు. నివాస ధ్రువపత్రానికీ, కుల ధ్రువపత్రానికీ అప్లికేషన్లు ఆన్‌లైనే. ఆధార్ ఫొటో, మార్కుల లిస్టు, పాస్‌పోర్ట్ ఫొటో అన్నీ ఫోన్‌లోంచే వస్తాయి. కుర్రాడు కౌంటర్ దగ్గర నిలబడి "భాయినా, పఠేఇ సారిఛి" అంటాడు, పంపేశానని. షాపాయనకి ఏమీ వినబడలేదు, కనబడలేదు. ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వెనక క్యూ పెరుగుతుంది.

నేను చెప్పబోయే షాపు మజ్జిగౌరమ్మ గుడి దారిలో ఉంది. ఆ బాబాయ్ నన్ను చూడగానే అన్నమాట, ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చినదే: "నానేటీ ముట్టుకోనేదు."

అలా అంటే నేను నమ్ముతాను. అప్‌గ్రేడ్ అయ్యాక వచ్చే తేడాలకి మనిషి ఏదీ ముట్టుకోనవసరం లేదు. నా మొదటి ప్రశ్న వేరే: మెసేజ్ ఆలస్యంగా వస్తోందా, వేళకి వచ్చి చప్పుడు లేకుండా కూర్చుంటోందా? ఈ రెండూ ఒకటే అనుకుంటే రోజంతా వైర్లు పీకుతూ ఉండాలి. రాయగడ నుంచి కోరాపుట్ బండి ఎక్కితే తేడా తెలుస్తుంది. టికిరి, కాకిరిగుమ్మ వైపు సొరంగాల్లో దూరినంతసేపు ఫోన్ మూగనోము పడుతుంది. సిగ్నల్ అందగానే అన్నీ ఒక్కసారి మోగుతాయి. అది దారిలో ఆగిన మెసేజ్. బాబాయ్ షాపులో అలా లేదు. చాట్ తెరిస్తే మెసేజ్ సరైన టైముతోనే ఉంది. అంటే నెట్ తప్పు లేదు, వాట్సాప్ తప్పు లేదు. సరుకు గుమ్మంలోకి వచ్చింది, పిలిచేవాడే లేడు.

రెండో ప్రశ్న, అప్‌గ్రేడ్ ఎప్పుడు పూర్తయింది? విండోస్ 11లో ఒక తమాషా నిబంధన ఉంది. పెద్ద అప్‌డేట్ పడ్డాక మొదటి గంటసేపు నోటిఫికేషన్లు కనబడకుండా ఆపే ఏర్పాటు. ఆ గంటలోపే నాకు ఫోన్ చేసేవాళ్లున్నారు. వాళ్లకి టీ తాగి రమ్మని చెప్తాను. పని జరిగిపోతుంది, నాకు పేరొస్తుంది. బాబాయ్ కంప్యూటర్‌లో విండోస్ వేసి చాలా రోజులైంది కాబట్టి ఆ పుణ్యం దక్కలేదు.

తర్వాత తాళాలు. క్రోమ్‌లో వాట్సాప్ సైటుకి అనుమతి ఉండాలి, అది ఒకటి. విండోస్ సెట్టింగుల్లో క్రోమ్‌కి అనుమతి ఉండాలి, అది రెండు. చాలామంది మొదటిది తీసి రెండోది మర్చిపోతారు. ఇక్కడ రెండూ తీసే ఉన్నాయి. ఫోన్ వాట్సాప్‌కి లింక్ సరిగ్గానే ఉంది. గడియారం కూడా సరిగ్గా ఉంది. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డ్ మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతే సైట్లే సరిగ్గా తెరుచుకోవు, అందుకని అదీ చూస్తాను.

అప్పుడు కంటబడింది రెండో మానిటర్. కస్టమర్ వైపు తిప్పి పెట్టినది. ఆ మానిటర్ లేకపోతే ఈ ఊళ్లో ఫారం నింపడం కష్టం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ సీమంతా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. అంతకుముందు నుంచీ ఉన్న తెలుగు కుటుంబాలు ఇంటిపేరు ముందు రాస్తాయి. ఫారం ఇంటిపేరు చివర అడుగుతుంది. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. అందుకే కస్టమర్ తన పేరు తెర మీద చూసుకుని "ఆ, అదే, ఇంకో ఏ కలపండి" అంటాడు. రెండు తెరల మీదా ఒకటే బొమ్మ రావాలి కాబట్టి బాబాయ్ దాన్ని డూప్లికేట్‌లో పెట్టుకున్నాడు.

ఆ మానిటర్ కేబుల్ పీకాను. నా ఫోన్ నుంచి షాపు నంబరుకి ఒక హలో పంపాను. తెర మూల నుంచి పెట్టె లేచింది, స్పీకర్ టంగుమంది. కేబుల్ పెట్టాను, ఇంకోటి పంపాను. రెండూ మాయం.

ఒకే కేబుల్ రెండు పనులు చేస్తోంది. తెర డూప్లికేట్ అయినప్పుడు నోటిఫికేషన్లు ఆపెయ్యమనే నిబంధన ఆ విండోస్‌లో ఆన్‌లో ఉంది. విండోస్ మారినప్పుడు, పాతదాంట్లో ఎవరో ఎప్పుడో చేసిన మార్పు చెరిగిపోయి ఉంటుంది. ఇక చప్పుడు సంగతి. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది. కొత్త డ్రైవర్ వచ్చాక కంప్యూటర్ ఆ మానిటర్‌నే స్పీకర్ అనుకుని గంట అటు పంపుతోంది. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు.

శబ్దం సంగతి క్షణాల్లో తేలిపోయింది, అవుట్‌పుట్‌ని బల్ల మీది స్పీకర్‌కి మార్చాను. నిబంధన దగ్గర మాత్రం ఆగాను. ఆపెయ్యడానికి ఒక్క క్లిక్ చాలు. కానీ దాన్ని రాసినవాడు ఊరికే రాయలేదు. తెర నలుగురూ చూస్తున్నప్పుడు నీ సొంత మెసేజ్‌లు వాళ్ల కళ్లబడకూడదనే అది పెట్టారు. ఆలోచిస్తే ఈ షాపుకి సరిగ్గా సరిపోయే నిబంధన. కౌంటర్ దగ్గర ఒకాయన పేరు సరిచూసుకుంటుంటే, వేరే ఇంటి ఆడపిల్ల పంపిన ఆసుపత్రి చీటీ మీది మాట ఆయన ముందు తేలితే?

"తీసీ బాబూ, గిరాకీ పోతంది" అన్నాడు బాబాయ్. తీశాను. అయితే వాట్సాప్ సెట్టింగుల్లో ప్రివ్యూ కూడా తీసేశాను. ఇప్పుడు మెసేజ్ వచ్చిందని చెప్తుంది, లోపల ఏముందో చూపదు. ఆయనకి కావలసింది అంతే. అదే ఊపులో క్రోమ్‌లో అనుమతులిచ్చిన సైట్ల జాబితా చూస్తే ఉద్యోగ ప్రకటనలు, క్రికెట్ స్కోరు, పేరు తెలియని వార్తల సైట్లు. ఎప్పుడో 'అలౌ' నొక్కిన పాపం. అవన్నీ తీసేశాను. రిపేరుకి పిలిస్తే అన్నీ ఆన్ చేసి వెళ్లిపోయేవాళ్లంటే నాకు చిరాకు. అన్నీ మోగితే ఏదీ వినబడదు.

విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 లేని పాత యంత్రాల మీద కొందరు లైనక్స్ మింట్ వేయించుకున్నారు. అక్కడ నా పని సులువు. టెర్మినల్ తెరిచి నోటిఫై-సెండ్ అని కొట్టి, పక్కన తెలుగులో "ఏటి సంగతి" అని రాసి ఎంటర్ నొక్కుతాను. పెట్టె లేస్తే సిస్టమ్ బాగున్నట్టే, తప్పు యాప్‌ది. లేవకపోతే తప్పు సిస్టమ్‌లోనే. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ మార్చి పాతదాన్ని తీయకపోతే నోటిఫికేషన్లు చూపే ప్రోగ్రాములు రెండు ఉండిపోతాయి. ఆ పదవి ఒక్కరికే దక్కుతుంది. ముందు లేచినది పట్టుకుంటే రెండోది ఖాళీగా కూర్చుంటుంది. విండోస్‌లోనూ ఇలాంటి ఒక్క మాటతో పరీక్షించే వీలు చేతికందేలా ఉంటే బావుండును.

బాబాయ్‌కి మాత్రం నమ్మకం కలగలేదు. నేను సంచి సర్దుకుంటుంటే తన ఫోన్ తీసి తనే మెసేజ్ పెట్టాడు. గంట కొట్టలేదు. మళ్లీ పెట్టాడు. కంప్యూటర్‌లో ఉన్నది ఆ ఫోన్ వాట్సాపే, తను పంపినదానికి తనకే గంట కొట్టదని చెప్పాను. అయితే అని క్యూలో కుర్రాణ్ణి పిలిచి పంపమన్నాడు. వాడు పంపాడు, అయినా చప్పుడు లేదు. చూస్తే బాబాయ్ ఆ కుర్రాడి చాటే తెరిచిపెట్టుకుని కళ్లప్పగించి చూస్తున్నాడు. ఎదురుగా తెరిచి ఉన్న చాట్‌కి వాట్సాప్ నోటిఫికేషన్ ఇవ్వదు. క్రోమ్ విండోని కిందకి దించమన్నాను. కుర్రాడు మళ్లీ పంపాడు, ఈసారి టంగుమంది. "ఆధార్ రెండు పక్కలా, కలర్ భాయినా" అన్నాడు వాడు, పనిలో పని.