మేము, మనము: యంత్రపు చిత్తుప్రతి, అనువాదకుని వృత్తి

జంషెడ్పూరు నగరమున బిష్టుపూర్ పేరుపొందిన వ్యాపారస్థలము. అంగళ్ల వరుసల నడుమ అచ్చట టాటా వర్కర్స్ యూనియన్ కార్యాలయమును, ఆ సంఘమునకు 1947 నుండి మూడు దశాబ్దములపాటు అధ్యక్షత వహించిన మైకేల్ జాన్ పేర వెలసిన సభామందిరమును కలవు. 1956 జనవరిలో ఈ సంఘమునకును ఉక్కు కంపెనీకిని ఒక ఒడంబడిక కుదిరినది. కర్మాగారమునకు ఎందరు పనివారు కావలయునో నిర్ణయించు హక్కు యాజమాన్యమునదే. కాని నవీకరణ నెపమున, అప్పటికి కొలువులో ఉన్నవారిని తొలగింపరాదు. యంత్రము రావలదని కార్మికులు కోరలేదు. వచ్చినయెడల దాని వెల ఎవరు చెల్లింపవలెనో ముందుగా వ్రాయించుకొనిరి. 1990ల నుండి స్వచ్ఛంద విరమణ పథకముల మూలమున పనివారి సంఖ్య బహుళముగా తగ్గిన మాట నిజమే. అయినను తగ్గుదలకు ఒక పద్ధతియు, ఒక పరిహారమును ఉండెననుట విస్మరింపరానిది.

ఇప్పుడు వచ్చిన యంత్రము కొలిమి దగ్గర నిలుచునది కాదు. వ్రాతబల్ల దగ్గర కూర్చుండునది. 2022 నవంబరులో చాట్ జీపీటీ లోకమునకు పరిచయమైన నాటనుండి వాక్యము వ్రాయుటయే జీవనోపాధిగా గలవారందరును దాని లాభనష్టములను తూచుకొనుచున్నారు. హిందీ, వంగ, ఒడియా, సంతాలీ, తెలుగు భాషలు ఒకే వీథిలో వినవచ్చు బిష్టుపూర్ వంటి చోట ఇట్టివారు తక్కువవారు కారు. నోటీసులు తర్జుమా చేయువారు, సభావృత్తాంతములు వ్రాయువారు, అర్జీలు కూర్చువారు, న్యాయవాదులు, పాఠములు సిద్ధపరచు ఉపాధ్యాయులు, అందరును ఈ కోవలోనివారే.

లాభమును తక్కువచేసి చూపుట విమర్శ అనిపించుకొనదు. 2023లో నోయ్, జాంగ్ అను ఇద్దరు పరిశోధకులు 453 మంది విద్యావంతులగు వృత్తినిపుణులకు ఉద్యోగసంబంధమైన వ్రాతపనులు ఇచ్చి పరీక్షించిరి. యంత్రసహాయము పొందినవారికి పట్టిన కాలము 40 శాతము తగ్గినది; వ్రాతయొక్క నాణ్యత 18 శాతము పెరిగినది. బ్రిన్యోల్ఫ్‌సన్, లీ, రేమండ్ అనువారు అయిదువేలకు పైబడిన వినియోగదారుల సేవాసిబ్బందిని గమనించిరి. సగటున దాదాపు 15 శాతము పని హెచ్చినది; కొత్తగా చేరినవారికి లాభము ఎక్కువ, ఆరితేరినవారికి స్వల్పము. సెలవు చీటీ, రసీదు వివరణ, సమావేశపు పిలుపు, ఇట్టి వాటిని ఎవరు వ్రాసినను ఒకటే. వాటిపై వెచ్చించు గంటలు మిగిలినచో సంతోషింపవలసినదే.

కాని రెండవ పరిశోధనలో ఆలోచింపదగిన సంగతి ఒకటి ఉన్నది. కొత్తవారికి యంత్రము అందించిన సలహాలు, ఆరితేరిన ఉద్యోగులు అంతకుముందు నడపిన సంభాషణలనుండి అది నేర్చుకొన్నవే. ఒకరి అనుభవము పదుగురికి పంచబడినది, పంచినవానికి దక్కినదేమి? ఈ ప్రశ్ననే అనువాదకులును అడుగవచ్చును. యంత్రము వ్రాయు తెలుగు ఆకాశమునుండి ఊడిపడినది కాదు.

ఆ తెలుగును ఒక రచనగా పరిశీలించుట సాహిత్య విమర్శకు విధి. దానిలో వర్ణదోషములు అరుదు. దోషము ఎచ్చట ఉన్నదో చూపుటకు ఒక్క సర్వనామము చాలును. హిందీలో ‘హమ్’ అను మాట ఒక్కటే. తెలుగున దానికి ‘మేము’, ‘మనము’ అని రెండు రూపములు; వినువానిని కలుపుకొనినచో మనము, వెలుపల ఉంచినచో మేము. ‘హమ్ ఇన్ నియమోం కా పాలన్ కరేంగే’ అని కర్మాగారపు గోడపై ఒక ప్రకటన ఉన్నదనుకొందురుగాక. ‘ఈ నియమములను మేము పాటింతుము’ అన్నచో అది యాజమాన్యము ఇచ్చిన మాట; భంగమైననాడు కార్మికుడు ప్రశ్నింపవచ్చును. ‘మనము పాటింతము’ అన్నచో బాధ్యతలో సగము కార్మికుని నెత్తికి వచ్చినది. రెండును వ్యాకరణశుద్ధములే. యంత్రము, తాను చదివిన కోట్ల వాక్యములలో ఏది తరచుగా కనబడెనో దానివైపు మొగ్గును. ఆ ప్రకటన ఎవరు, ఎవరితో, ఏ తగవు నడుమ పలికిరో అనువాదకుడు అడిగి తెలిసికొనును. వృత్తి అనునది ఆ అడుగుటలోనే ఉన్నది.

బంధువాచకముల సంగతియు ఇట్టిదే. ఆంగ్లమును నడిమి మెట్టుగా చేసికొని సాగు అనువాదమున మేనమామయు, పినతండ్రియు, పెదతండ్రియు ఒకే ‘అంకుల్’లో పడి కలిసిపోదురు, ఆవలి ఒడ్డున ఎవరు లేచివత్తురో చెప్పలేము. మేనరికపు సంబంధము ఇరుసుగా గల తెలుగు కథలో ఇది చిన్న పొరపాటు కాదు, కథయే మారిపోవును.

ఈ సందర్భమున ఇద్దరు అనువాదకులు జ్ఞప్తికి వత్తురు. వంగభాష నేర్చుకొని శరత్ నవలలను తెలిగించిన చక్రపాణి చేతిలో దేవదాసు తెలుగువాడే అయినాడు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయి పడగలు’ను పి.వి. నరసింహారావు హిందీ చేసి, 1968లో వెలువడిన ఆ గ్రంథమునకు ‘సహస్రఫణ్’ అని పేరుంచినారు. వేయికి ‘హజార్’ అను వాడుకమాట చేతికందునంత దూరమున ఉన్నది. దానిని విడిచి సంస్కృతపదమును ఎన్నుకొనుటవలన ఆదిశేషుని స్ఫురణయు, ఇతిహాసపు బరువును పేరులోనే నిలిచినవి. ఇట్టి ఎన్నిక మొదటి ప్రయత్నముననే అబ్బదు. ఎన్నో చిత్తుప్రతులు చించిన చేతికే అబ్బును.

అసలు నష్టము ఇచ్చటనే తోచుచున్నది. యంత్రము తీసికొనుచున్నది చిత్తుప్రతిని. ఆ చిత్తుప్రతియే నేర్చుకొనువాని బడి. పాతికేండ్ల యువకుడు తప్పులతో తర్జుమా చేసి, పెద్దవానిచే దిద్దించుకొని, మరల వ్రాసి అనువాదకుడగును. ఇప్పుడు మొదటినుండియే అతనిని దిద్దుపనికి కూర్చుండబెట్టుచున్నారు. తాను వ్రాయుట నేర్వకమున్నే ఒరుల వ్రాతలోని తప్పును పట్టవలెను. ఆ వ్రాతయో, తప్పులోను తడబడని నున్నని వ్రాత. పైగా ‘అంతయు యంత్రమే చేసినది, నీవు చూచితివి’ అని కూలి తగ్గింతురు. మూలముతో పంక్తి పంక్తి సరిచూచుట, క్రొత్తగా వ్రాయుటకంటె తేలిక అనుకొనుట ఆ పని చేయనివారి భ్రమ. తప్పు దాటిపోయిన పిదప పట్టువడునది మనుష్యుడే. 2023లో న్యూయార్కు న్యాయస్థానమున యంత్రము కల్పించిన, లేని తీర్పులను ఉదాహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జుల్మానా పడినది. యంత్రమును ఎవరును బోనెక్కించలేదు.

భాషలకును ఈ లాభము సమముగా అందదు. 2011 జనగణన ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. అయినను యంత్రము చదువుకొన్న తెలుగు, ఆ సంఖ్యకు తగినంత కాదు. సింగభూమి గడ్డపై వినవచ్చు సంతాలీ స్థితి ఇంకను సున్నితము. 1925లో రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపిని కల్పించినాడు. 2003లో చేసిన సవరణతో ఆ భాష రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునకు ఎక్కినది. 2023లో మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకుల ఇండిక్‌ట్రాన్స్2 షెడ్యూలులోని 22 భాషలను అనువాద పరిధిలోనికి తెచ్చుట మెచ్చదగిన ప్రయత్నము. తొలి తర్జుమా అయినను లేనిచోట యంత్రపు తర్జుమాకు విలువ ఉన్నది. చిక్కు ఏమనగా, సరిదిద్దగల పండితులు తక్కువగా ఉన్న భాషలోనే తప్పులు ఎక్కువగా రాగలవు.

1956 నాటి ఒడంబడికకు వెనుక సంఘము ఉన్నది, సంతకము పెట్టవలసిన యజమాని ఎదుటనే ఉన్నాడు. అనువాదకులు చెదరియున్నవారు, వారికి యజమాని నేడొకడు, రేపొకడు. అయినను అడుగదగినవి అడుగరానివి కావు. దిద్దుటకు పట్టిన కాలమునకు కూలి కట్టవలెను. చిత్తుప్రతి యంత్రానిదైనచో ఆ సంగతి ముఖపత్రముపై అచ్చువేయవలెను. సరిచూచినవాని పేరును దాని ప్రక్కనే ఉండవలెను. క్రొత్తగా చేరినవానికి, కొన్ని పుటలైనను యంత్రము తాకని మూలమును ఇచ్చి, పెద్దవానిచేత దిద్దింపవలెను. వీటిలో మొదటి రెండింటికి ప్రచురణసంస్థలు తలయూపవచ్చును. మూడవదానికి పెట్టుబడి కావలెను, ఆ పెట్టుబడికి ఫలము పదేండ్లకుగాని కనబడదు; అందుచేత పేచీ అంతయు దానిమీదనే జరుగును.